తాడు లేకుండా కళింగపట్నం

1. ఉప్పు కొలనులో గొడవ

కోపం చల్లారక ముందే రాయాలి. చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుంది గానీ నిజంగా ఉండదు.

ఈ పొద్దున మా ఓడ కళింగపట్నం ముందు లంగరు వేసింది. మూడు రోజులు ఆగుతాం. ఉప్పు దించి, ఉల్లిపాయలు, మందులు, అద్దం పలకలు ఎక్కించుకుంటాం. అందరూ డెక్కు అంచుకి పరిగెత్తి ఊరిని చూస్తున్నారు. నా వంతు పని మాత్రం కొలనులో పడింది. ఒకప్పుడు ఇందులో ఈత కొట్టేవారట. ఇప్పుడు సముద్రపు నీళ్లు నింపి పైన అద్దాల కప్పు వేశాం. ఎండకి లేచిన ఆవిరి కప్పుకి పట్టి జారితే అది మా తాగునీరు. అడుగున మిగిలేది ఉప్పు. గీకే చేతులు తగ్గితే మర్నాడు అందరి చెంబుల్లోనూ నీళ్లు తగ్గుతాయి.

నా పక్కన గున్నమ్మత్త గీకుతోంది. దాలినాయుడు గారు మైకు చంకలో పెట్టుకుని గట్టు మీదికి వచ్చారు. ఆయన వినోద సంఘం అధ్యక్షుడు. మా ముత్తాతలు విహారానికని ఈ ఓడ ఎక్కినప్పుడు ఆ సంఘం పాటల పోటీలు పెట్టేదట. తీరం మునిగింది, దిగడానికి రేవు లేకుండా పోయింది, కెప్టెన్లు ఒక్కొక్కరే పోయారు. ఆ తర్వాత మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ప్రభుత్వమయ్యారు. తీరం వెనక కొత్త రేవులు లేచాక కూడా మేం దిగలేదు. దిగిన చోట మాకు ఇల్లేది?

"నూకరత్నం, రేపు ఊళ్లోకి విహారం. నీ కొక్కెం గవరయ్య వెనకాలే," అన్నారు.

మేం ఊరు చూసే పద్ధతి ఇది. అందరి నడుములకీ పట్టీలు, పట్టీలకి కొక్కేలు, కొక్కేలన్నీ ఒకే పొడుగాటి తాడుకి. ముందు గవరయ్య బావ జెండా పట్టుకుని నడుస్తాడు. అతను ఆగితే ఆగాలి, చూడమన్నదే చూడాలి. ఒకరికి దాహమేస్తే అందరూ నిలబడాలి. పోయినసారి ఈ ఊరి జనం మమ్మల్ని చూసి మేకల్లా అరిచారు. ఆ అరుపు ఇంకా నా చెవిలోనే ఉంది.

"నాకు కొక్కెం వద్దు," అన్నాను.

"మరెలా వెళ్తావు?"

"కాళ్లతో."

"ముత్యాలుకీ కాళ్లుండేవమ్మా."

పక్కన గీకుతున్న చప్పుడు ఆగిపోయింది. ముత్యాలు గున్నమ్మత్త కొడుకు. బఫే అనే మా భోజనశాలలో నాచు జావ కాచేవాడు. నా చిన్నతనంలో ఇదే ఊళ్లోకి వెళ్లి తప్పిపోయాడు. ఓడ అతని కోసం ఆగలేదు. పోటు దాటితే ఈ రేవులోంచి బయటపడలేం. ఆ తర్వాతే తాడు వచ్చింది.

ఒక తల్లి ముందు ఆ పేరెత్తి నోరు మూయించాలని చూడటం నాకు ఒళ్లు మండించింది. నా చదువంతా కరపత్రాలే. ఉల్లి బస్తాల అడుగున, మందు సీసాల చుట్టూ చుట్టుకుని వచ్చే హమాలీ సంఘాల కాగితాల మీదే అక్షరాలు దిద్దుకున్నాను. సగం చిరిగిన ఒకదాంట్లో ఉంది: "నీ మంచికే కట్టానన్నవాడిని ముందు ఒక్కటడుగు, ముడి ఎవరి వైపు ఉందని."

ఆ మాటే అడిగాను. కొలను కప్పు అదిరేట్టు అడిగాను. డెక్కు అంచున ఉన్నవాళ్లంతా ఊరు చూడ్డం మానేసి మా వైపు తిరిగారు.

"ఊరుకోవే నూకీ," అని గున్నమ్మత్త నా కొంగు లాగింది. "పెద్దాయన."

"పెద్దాయన అయితే పెద్ద తాడు పేనుతారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. దాలినాయుడు గారి ముఖం ఎర్రబడింది. ఆయనకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

"సరే. రేపు ఒక్కదానివే వెళ్లు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చి, మూడో సైరన్ ఆగేలోగా ఈ డెక్కు మీద నిలబడు. నిలబడితే తాడు తీసేస్తాను. నీకొక్కదానికే కాదు, అందరికీ. నిలబడలేకపోతే తాడు ఉంటుంది. నీ నోట్లోంచి ఆ మాట మళ్లీ రాకూడదు."

"మైకులో చెప్పండి," అన్నాను.

చెప్పారు. ఓడంతా వింది. ఇక వెనక్కి పోయే దారి ఆయనకీ లేదు, నాకూ లేదు.

2. జెట్టీ నుంచి బజారుకి

నిన్నటి సంగతులు ఈ పొద్దున రాస్తున్నాను. రాత్రి తల ఆరకముందే నిద్రపోయాను.

తాడు జట్టుతో పాటే నేనూ పడవలో జెట్టీకి చేరాను. గున్నమ్మత్త కూడా ఆ తాడులో ఉంది. ఈ ఊరొచ్చినప్పుడల్లా ఆమె తప్పకుండా దిగుతుంది. ఏమీ కొనదు, ఏమీ తినదు. ఎదురొచ్చే ముఖాలు చూస్తూ నడుస్తుంది. గవరయ్య బావ జెండా ఎత్తి, "నూకీ, ఇప్పటికైనా మించిపోలేదు, ఒక కొక్కెం ఖాళీగానే ఉంది," అన్నాడు.

"దానికి నీ జెండా తగిలించుకో బావా," అన్నాను.

వాళ్లు ఒక వైపు వెళ్లారు. నేను వెనక్కి తిరిగి ఓడని చూసుకున్నాను. ఈ ఊరికీ సముద్రానికీ మధ్య రెండంతస్తుల ఎత్తున గోడ ఉంది. జెట్టీ మెట్ల మీద నిలబడితే ఓడ మొత్తం కనబడుతుంది. లోపలికి దిగితే పొగగొట్టమూ, ముందరి స్తంభమూ మాత్రమే కనబడతాయి. మాకు దిక్కులు రెండే: ముక్కువైపు, తోకవైపు. బఫే ముక్కువైపు, కొలను తోకవైపు. పుట్టినప్పటినుంచీ అలాగే నడిచాం. బజారు తోకవైపు ఉందని చూసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ముక్కువైపు నడిస్తే సరి. ఇంత సులువైన దానికి జెండా ఎందుకని నవ్వుకున్నాను.

కదలని నేల మీద అడుగు పెట్టగానే నేలమైకం కమ్మింది. మా కాళ్లు అల కోసం చూస్తాయి. అల రాకపోతే తూలిపోతాం. గోడ పట్టుకుని నిలబడ్డాను. జీడిమామిడి పండ్ల బుట్టల ముందు కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి తాగిన పిల్లననుకున్నారు.

"ఓలప్పా, ఈ గుంట పొద్దున్నే ఏసేసినట్టుంది సూడే!"

"ఏసేయడం కాదే. ఓడ గుంట అది. ఆలకి నేల ఊగకపోతే కళ్లు తిరుగుతాయంట."

"మరి తాడేదమ్మా? తెంపుకొచ్చేసినావేటి?"

"తెంపలేదు. సాయంత్రానికి అందరిదీ విప్పిస్తాను," అన్నాను.

"అమ్మో, నోరు సూడు! ఇదిగో, ఇది తిను. మైకం దిగిపోద్ది."

నా దగ్గరున్న ఉప్పు పొట్లం ఇచ్చి పండు తీసుకున్నాను. తీపి ముందు వచ్చింది, తర్వాత గొంతంతా పట్టేసింది. దగ్గాను. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. తాడులో ఉంటే ఆ పండు తినేదాన్ని కాదు. తాడు పండ్ల దగ్గర ఆగదు.

ఆ తర్వాత నడిచిన నడక గురించి ఎంత రాసినా తక్కువే. ఎండ దెబ్బకి ఈ ఊళ్లో బజారంతా పందిళ్ల కిందే ఉంటుంది. ఒక సందు మొదట్లో నిలబడి చూస్తే చివర కనబడలేదు. ఓడలో నేను ఎక్కడ నిలబడినా చివర కనబడుతుంది. మొదటిసారి, చివర కనబడని దాంట్లోకి నా అంతట నేను నడిచాను. ఆగాలనిపిస్తే ఆగాను. ఒక కుక్క నన్ను వాసన చూసింది. మరమగ్గం దగ్గర ఒకామె పోగు అతుకుతుంటే కావలసినంతసేపు చూశాను. కుడికి వెళ్లాలనిపిస్తే కుడికి, ఎడమకి వెళ్లాలనిపిస్తే ఎడమకి. ఎవరి నడుమూ నా నడుముని లాగలేదు. నా కాళ్లంటే నాకు గర్వం కలిగింది. అవి అంతకుముందు కూడా ఉన్నాయి, కానీ నావి కావు.

3. ముక్కువైపు నడిస్తే

ఎండ వాలాక తిరుగు ముఖం పట్టాను. రెండు పందిళ్ల మధ్య ఖాళీలోంచి గోడ మీదుగా ఓడ పొగగొట్టం, స్తంభం కనబడ్డాయి. ముక్కు ఎటు ఉందో చూసుకుని అటే నడిచాను. ధైర్యంగా, వేగంగా.

జీడిమామిడి బుట్టలు రాలేదు. మరమగ్గం చప్పుడు వినబడలేదు. సందులు ఇరుకయ్యాయి. ఎండుచేపల వాసన మొదలైంది. అయినా ఎవర్నీ అడగలేదు. అడిగితే ఒంటరిగా నడిచినట్టు ఎలా అవుతుందని నా పంతం. ఇంకా వేగంగా నడిచాను. తప్పు దారిలో వేగంగా నడిచినవాళ్లు ఎంత దూరం పోతారో అంత దూరమూ పోయాను.

అప్పుడు మొదటి సైరన్ వినబడింది. మా ఓడ సైరన్ నాకు అమ్మ గొంతంత తెలుసు. అది చాలా పలచగా, ఎక్కడో వెనకనుంచి వచ్చింది.

భయమేసింది. నాకోసం కాదు. డెక్కు మీద నిలబడి దాలినాయుడు గారు మైకులో ఏం చెబుతారో ముందే వినబడింది: నూకరత్నం కూడా తప్పిపోయింది, తాడు ఎందుకో ఇప్పుడైనా తెలిసిందా అని. నా పంతం వల్ల ఓడ మొత్తానికి ఆ తాడు శాశ్వతమైపోతుంది.

పంతం మింగేసి అడిగాను. వల బాగుచేసుకుంటున్న ముసలాయన, చింతపండు గింజలు తీస్తున్న ఆమె అరుగు మీద ఉన్నారు.

"జెట్టీకా? ఇలాగెల్లి మంచు ఫ్యాక్టరీ గోడ కాడ తిరిగిపో," అన్నాడు ముసలాయన.

"ఆ ఫ్యాక్టరీ ఎక్కడుందయ్యా నీ మొకం! అది పడగొట్టేసి ఎన్నాళ్లయింది," అంది ఆమె.

"పడగొడితే మాత్రం గోడ నేదేటి?"

"గోడా నేదు. ఆ గోడ రాళ్లతోటే కదా నువ్వు మరుగుదొడ్డి కట్టుకున్నావు!"

"అయితే మా మరుగుదొడ్డి కాడ తిరగమ్మా," అన్నాడాయన, ఏమాత్రం తడబడకుండా.

"అయ్యా, నాకు టైం లేదు!" అని అరిచాను.

ఆమె నా తూలుడు చూసింది. "ఓడ పిల్లవా? అలా సెప్పవేటి. ఆ మెట్ల కింద ముత్యాలున్నాడు. ఆడూ ఓడోడే. మీ లెక్కలు ఆడికి తెలుస్తాయి."

నిలబడిపోయాను. తర్వాత పరిగెత్తాను.

సముద్రపు గోడ ఎక్కే మెట్ల కింద పొయ్యి మీద పెద్ద మూకుడు ఉంది. లావుపాటి మనిషి చేప ముక్కలు వేయిస్తున్నాడు. ఓడలో లావుపాటివాళ్లు ఉండరు. అయినా ఆ గరిటె తిప్పే తీరు నాకు తెలుసు.

"బఫే ముత్యాలువా?" అన్నాను.

గరిటె ఆగింది. "ఎవరమ్మాయివే?"

"నూకరత్నాన్ని. మూడో డెక్కు."

"ఓర్నీ! జావలో అడుగంటిన మాడు కావాలని ముక్కు కార్చుకుంటూ ఏడ్చే నూకివా?"

"నువ్వు తప్పిపోయావు కదా!"

"నువ్వో? నువ్వేం పెళ్లికొచ్చావా?" అని పకపకా నవ్వాడు. "ముక్కువైపు నడిచావు, అంతేనా? నేనూ అలాగే నడిచాను. పోటు మారిందే పిల్లా. లంగరు మీదున్న ఓడ నీటికి ఎదురు తిరిగి పడుకుంటుంది. పొద్దున్న తోకున్న వైపు ఇప్పుడు ముక్కుంది."

పోటుకి ఓడ తిరుగుతుందని నాకు తెలియక కాదు. మాలో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఓడలో ఉన్నవాళ్లకి ఓడ తిరగదు, ఊరే తిరుగుతుంది. ముక్కు ఎప్పుడూ ముక్కు దగ్గరే ఉంటుంది. ఆ ధీమాతో దిక్కునే నమ్ముకుని, నేను పొద్దున వచ్చిన దారిలోనే ఇంకా ముందుకి వచ్చేశాను.

"మరి మళ్లీ ఓడ వచ్చినప్పుడు ఎందుకు రాలేదు?" అని అడిగాను. "గున్నమ్మత్త..."

అతని నవ్వు పోయింది. ముక్కలు తీసి పళ్లెంలో వేశాడు.

"వచ్చాను. మరుసటి ఏడే జెట్టీ మీద నిలబడ్డాను. దాలినాయుడు బాబాయి నన్ను చూశాడు, ఎక్కమన్నాడు. ఎక్కనన్నాను. అప్పటికే ఇక్కడ నాకు పొయ్యి ఉంది, ఇల్లాలు ఉంది. నేలమైకం కూడా పోయింది. అమ్మకి చెప్పమన్నాను. ఆయన 'అయితే నువ్వు నాకు కనబడలేదురా' అన్నాడు."

"నువ్వే వెళ్లి చెప్పొచ్చు కదా!"

"ఒకసారి ఆ తాడు వెనకాలే నడిచాను. అమ్మ నడుముకి కొక్కెం చూశాను. నా వల్లే కదా అది! ఏ ముఖం పెట్టుకుని ఎదురెళ్లను? సందులోంచి చూసి వచ్చేశాను." కళ్లు తుడుచుకున్నాడు. పొగ అని చెప్పలేదు. "నువ్వుండిపో నూకీ. ఇక్కడ నీ నోటికి బోలెడు సంఘాలున్నాయి. ఉప్పు గీక్కుంటూ ఎన్నాళ్లని?"

నిజం రాస్తున్నాను: ఒక్క క్షణం ఉండిపోవాలనిపించింది. చివర కనబడని సందులున్న ఊరు. నేను చదివిన కాగితాలు అచ్చయ్యే ఊరు. అప్పుడే నాకు అసలు సంగతి తట్టింది. సంఘం వాళ్లు భయపడుతున్నది మాకు దారి తెలియదని కాదు. తెలిసి కూడా తిరిగి రామని.

"నేను ఉండిపోతే తప్పిపోయిందనే చెబుతారు. ఇంకో రెండు ముళ్లు వేస్తారు. నేను వెళ్తే గానీ ఉండటానికి కూడా హక్కు రాదు," అన్నాను.

రెండో సైరన్ మోగింది. ఆఖరి పడవ జెట్టీ వదిలే వేళ.

"అయ్యో, ఇక నడిచి అందుకోలేవు. పద, సందుల్లోంచి లాక్కెళ్తాను. చెయ్యియ్యి!"

"చెయ్యి ఒద్దు," అని మెట్లెక్కేశాను.

4. నీళ్లలో

గోడ మీదికి చేరేసరికి ఓడ దూరంగా, చిన్నగా కనబడింది. ముక్కు సరిగ్గా నా వైపే చూస్తోంది. నన్ను దారి తప్పించిన ముక్కు. తిట్టబోయి ఆగాను.

లంగరు మీద ఓడ ముక్కు నీటికి ఎదురు నిలుస్తుంది. ముక్కు నా వైపు ఉందంటే నీళ్లు నా వైపునుంచే ఓడ వైపుకి పోతున్నాయి. జెట్టీకి పరిగెత్తాల్సిన పనే లేదు.

కింద ఎవరో "ఏయ్, ఏయ్, గుంట పడిపోతంది!" అని కేక పెట్టారు. పడలేదు. దూకాను.

నీళ్లు తగలగానే నేలమైకం ఎగిరిపోయింది. పొద్దున్నుంచీ తూలిన ఒళ్లు ఒక్కసారి నిటారైంది. గోడ మీద జనం చేరి అరుస్తున్నారు. తాగినట్టు నడిచిన పిల్ల ఎలా ఈదుతుందో చూడండి అని లోపల అనుకున్నాను. ప్రవాహం భుజాన వేసుకుని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లింది. నా చేతులు దానికి తోడు పడ్డాయి, అంతే.

ఓడ గోడంత ఎత్తుగా ఎదురయ్యేసరికి జెట్టీనుంచి ఆఖరి పడవ కూడా అక్కడికి చేరింది. తాడు జట్టంతా లేచి నిలబడ్డారు. గవరయ్య బావ ముందుకి వంగి చెయ్యి చాచాడు. అతని ముఖంలో జాలి తప్ప ఇంకేమీ లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. అలసిపోయిన దానికి అంత దగ్గరగా వచ్చిన చెయ్యి కంటే ప్రమాదమైనది లేదు.

"అందుకోవే నూకీ! పందెం తర్వాత చూసుకుందాం!"

"తియ్యి బావా చెయ్యి!"

"మునిగిపోతావే!"

ఫట్‌మని ఆ చేతి మీద ఒక దెబ్బ పడింది. గున్నమ్మత్త. "ఈదనీరా దాన్ని! ఈదుతోంది కదా," అంది.

ఓడ పక్కన వేలాడుతున్న తాడు నిచ్చెన పట్టుకున్నాను. మూడో సైరన్ అందుకుంది. దాని మోత కింద ఒక్కో మెట్టూ ఎక్కాను. అది ఆగేసరికి డెక్కు మీద నా కాళ్ల చుట్టూ నీళ్ల మడుగు కట్టింది.

"నిలబడ్డాను," అన్నాను.

5. సంఘం ముందు

ఈ రోజు పొద్దున బఫేలో సంఘం కూర్చుంది. మిగతా ఓడంతా నిలబడింది. దాలినాయుడు గారు న్యాయంగానే అడిగారు.

"దారి తప్పావా?"

"తప్పాను."

"ఎవర్నైనా అడిగావా?"

"అడిగాను. చెయ్యి పట్టుకోలేదు. అడగడం వేరు, కట్టుకోవడం వేరు. ఆ తేడా నాకూ నిన్ననే తెలిసింది."

"చివరికి తాడు నిచ్చెన పట్టుకునే కదా ఎక్కావు?"

"పట్టుకున్నాను. అది నేను ఎక్కిన తాడు. నన్ను కట్టిన తాడు కాదు."

వెనకనుంచి ఈల వినబడింది. అప్పుడు, అందరూ వింటుండగా, ముత్యాలు సంగతి చెప్పాను. జెట్టీ మీద జరిగిన మాటలతో సహా చెప్పాను. దాలినాయుడు గారు కాదనలేదు. ఆయన అబద్ధమాడుతారని సిద్ధంగా తెచ్చుకున్న కోపమంతా నా చేతుల్లోనే ఉండిపోయింది.

"ఒకడు బాగున్నాడని తెలిస్తే పదిమంది దిగిపోతారు," అన్నారాయన. మైకు బల్ల మీద పెట్టేశారు. మైకు లేకుండా ఆయన గొంతు నేను మొదటిసారి విన్నాను. "కొలనులో చేతులు తగ్గితే నీళ్లు తగ్గుతాయి. ఉండిపోయిన ముసలివాళ్లకి, పసివాళ్లకి ఎవరు పోస్తారు? నేను ఓడని నిలబెట్టాలనుకున్నాను."

"ఒక తల్లిని ఏడిపించి నిలబెట్టారు," అన్నాను.

అందరూ గున్నమ్మత్త వైపు చూశారు. ఆమె తిట్టలేదు, శపించలేదు. దాలినాయుడు గారి వైపే చూడలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఎలా ఉన్నాడే?"

"లావయ్యాడత్తా."

"లావయ్యాడా!" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "సన్నగా పుల్లలా ఉండేవాడు."

దాలినాయుడు గారు లేచారు. మూలనున్న తాడు చుట్ట తెచ్చి, కొక్కేలు ఒక్కొక్కటీ ఊడదీయడం మొదలుపెట్టారు. కొన్ని తుప్పు పట్టి రాలేదు. గవరయ్య బావ సుత్తి తెచ్చాడు. నేను వెళ్లి అటు కొస పట్టుకున్నాను. నాకు ఆయన మీద కోపం పోలేదు. కానీ ఇచ్చిన మాట మీద నిలబడ్డ మనిషితో కలిసి పని చెయ్యడానికి నాకు సిగ్గు లేదు.

6. లంగరు ఎత్తే పూట

ఈ రోజు, తాడు వచ్చాక మొదటిసారి, జనం ఎవరికి వారే దిగారు. జెట్టీ మీద తూలుతూ, గోడలు పట్టుకుంటూ, నవ్వుకుంటూ. దిగేముందు అందరికీ ఒకటే చెప్పాను: ముక్కూ తోకా మరిచిపోండి, సముద్రపు గోడ ఏ చేతి వైపు ఉందో చూసుకోండి.

గున్నమ్మత్త ఉతికిన చీర కట్టుకుంది.

"నేనూ వస్తానత్తా, మెట్ల దాకా చూపిస్తాను," అన్నాను.

"ఎందుకూ? వెళ్లేటప్పుడు గోడ కుడిచేతికి. అంతే కదా?"

"దారిలో మైకం వస్తే?"

"ఊరంతా తిరిగి హక్కు తెచ్చి, నా వెనకాల నువ్వొక తాడువి తయారయ్యావా?" అంది.

నోరు మూసుకున్నాను. నా నోరు మూయించినవాళ్లు ఈ ఓడలో ఆమె ఒక్కతే.

సాయంత్రం పడవలు తిరిగొచ్చాయి. ఒకరి గొంతు జీడిమామిడికి పట్టేసింది, ఒకరు మోకాలు గీసుకున్నారు, గవరయ్య బావ జెండా లేక చేతులు ఏం చెయ్యాలో తెలియక రెండు కొబ్బరి బొండాలు మోసుకొచ్చాడు. అందరూ వచ్చారు. గున్నమ్మత్త రాలేదు.

మొదటి సైరన్. రెండో సైరన్. నేను డెక్కు అంచున నిలబడి గోడ పొడుగునా వెతికాను. ఆమె పడిపోయిందేమో, ఎటో వెళ్లిపోయిందేమో అని మళ్లీ మొదటినుంచి వెతికాను. ఒక మనిషి కోసం ఇలా ఎదురుచూడటం ఎంత భయంకరమో అప్పుడే తెలిసింది. దాలినాయుడు గారు ఇన్నేళ్లూ ఈ భయంతోనే తాడు పేనారు కాబోలు. అర్థమైంది. అయినా క్షమించలేదు.

ఆయన నా పక్కనే ఉన్నారు. సైరన్ పిడి చూపించి అన్నారు: "మూడోది నువ్వు కొట్టు."

"ఇంకొంచెం ఆగుదాం."

"పోటు ఆగదు. ఆగమంటే చెప్పు, పడవ పంపి వెతికించి తెప్పిస్తాను. నీ మాటే."

ఆయన ఎగతాళి చెయ్యడం లేదు. నిజంగానే అడుగుతున్నారు. పంపమని నా నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు గోడ మీద, ముత్యాలు మెట్లున్న చోట, ఇద్దరు కనబడ్డారు. ఒకరు లావు. ఒకరు సన్నగా, ఉతికిన చీరలో. సన్నటావిడ తూలడం లేదు. లావుపాటి మనిషి భుజం పట్టుకుని నిలబడి, మా వైపు చెయ్యి ఊపుతోంది. రమ్మని కాదు, వెళ్లమని.

పిడి పట్టుకుని శరీరమంతా వేలాడేసి లాగాను. కళింగపట్నం మొత్తం వినబడేట్టు లాగాను. కళ్లు మండుతున్నా గోడ మీదనుంచి చూపు తిప్పలేదు. కొలనులో ఆమె వంతు రేపటినుంచి నాదని అప్పుడే గట్టిగా చెప్పేశాను, ఎవరూ అడగకుండానే.

సైరన్ ఆగింది. గొలుసు కదిలింది. వెనక ఎవరో నిట్టూర్చారు: "పాపం, గున్నమ్మ కూడా తప్పిపోయింది."

"నోరు ముయ్యి," అన్నాను. "ఎక్కడుందో కనబడటం లేదూ?"